టోపీ బొమ్మ కింద రెండు మాటలు

మన తప్పును ఇంకొకరు తమదని చెప్పుకుంటే అది మన మీద దయా, లేక ఆ తప్పు ఒప్పుకునే అవకాశం మనకు లేకుండా చేయడమా? ఐదేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. అడగవలసిన మనిషి ఇక లేరు. పోయిన నెల, మంచు కురుస్తున్న ఒక మంగళవారం ఉదయం ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ అంకుల్ లేవలేదమ్మా" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. "ఇంకా నిద్రపోతున్నారా?" అని అడిగాను. ఆ పిచ్చి మాటకు ఆవిడ కోప్పడలేదు. "నిద్రలోనే" అన్నారు, అంతే.

అమెరికాలో మేముండే ప్లెయిన్స్‌బరో ఊళ్లోని తెలుగువాళ్లకు ఆయన డాక్టరు గారు. పంతొమ్మిదివందల అరవైల చివర గుంటూరు వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఆస్పత్రి బేస్‌మెంట్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చుని రిటైరైన పాథాలజిస్టు. ఎవరింటికి బయాప్సీ రిపోర్టు వచ్చినా ముందు ఆయనకే చూపించేవారు. ఆయన దగ్గర ఇంకో సంపద ఉందని కొందరికే తెలుసు. రెండువందల ఏళ్ల కిందటి అమెరికావాళ్లు తమ రోజువారీ బతుకును తామే వెక్కిరించుకుంటూ రాగిరేకుల మీద గీసి, అచ్చువేసి, చేత్తో రంగులద్దుకున్న బొమ్మలు. ఒక గది నిండా ఉండేవి. "మా గెస్ట్ బెడ్‌రూమ్ గెస్టులకు కాదమ్మా, బొమ్మలకి. మా తమ్ముడొచ్చినా సోఫాలోనే పడుకోవాలి" అనేవారు ఆంటీ.

నాకు మాత్రం ఆయన గురువు. నేను ఎమ్మే హిస్టరీ చదివి, పెళ్లయి, భార్యలకిచ్చే హెచ్-4 వీసా మీద ఇక్కడికొచ్చి పడ్డాను. ఉద్యోగం చేయకూడదు. చేయకూడదు కాబట్టి నాకేం వచ్చో నేనే మరిచిపోతున్న రోజులవి. పార్కులో తెలుగువాళ్ల పిక్నిక్ జరుగుతుంటే, "ఏం చదివావమ్మా?" అని ఆయన అడిగారు. హిస్టరీ అనగానే చుట్టూ ఉన్నవాళ్లు మర్యాదగా "ఓ" అని మళ్లీ గ్రీన్‌కార్డుల ప్రయారిటీ డేట్ల గొడవలోకి వెళ్లిపోయారు. ఆయన మాత్రం చేతిలో ప్లేటు కింద పెట్టి, "శనివారం ఇంటికి రా. చేతులకి లోషన్ పూసుకోకుండా రా" అన్నారు.

అలా ప్రతి శనివారం వెళ్లడం మొదలైంది. డైనింగ్ టేబుల్ మీద తెల్లటి దుప్పటి పరిచి ఉండేది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, గాలికి పూర్తిగా ఆరేదాకా నిలబడాలి. ఆ రోజు ఇంట్లో పోపు వేయకూడదు, నూనె ఆవిరి కాగితానికి పడుతుందని.

"శనివారం మా ఇంట్లో ఆవాలకి సెలవు," అని ఆంటీ వంటింట్లోంచే వినిపించేవారు. "ఇన్నేళ్లు ఫార్మలిన్ కంపులో బతికిన మనిషికి ఇప్పుడు ఇంగువ పడదట!"

"నాకు పడుతుందే, కాగితానికి పడదు."

"అయితే ఆ కాగితాన్నే అడగండి, పెరుగన్నంలోకి ఏం నంజుకుంటుందో!"

ఆయన ఒక్కో బొమ్మనూ రెండు చేతులతో, పసిపిల్లను ఎత్తినట్టు, పెట్టెలోంచి తీసి పరిచేవారు. భూతద్దం నా చేతికిచ్చి, తాను మాట్లాడకుండా కూర్చునేవారు. ఏం కనిపించిందో నేనే చెప్పాలి. శనివారం క్షౌరశాలలో గడ్డాలు గీయించుకోవడానికి వరస కట్టిన పెద్దమనుషులు. తుపాకులు లేక గొడుగులు భుజాన పెట్టుకుని కవాతు చేస్తున్న ఊరి సైన్యం. బుట్టలంత బుడగచేతుల జాకెట్లు తొడిగి గుమ్మంలో ఇరుక్కుపోయిన ఆడవాళ్లు. నేను పెద్ద పెద్ద మాటలతో మొదలుపెట్టేదాన్ని, "అంకుల్, ఇందులో క్లాస్ యాంగ్జైటీ..." అని. ఆయన చెయ్యెత్తేవారు. "యాంగ్జైటీ సంగతి తర్వాత. కుక్క ఎటు చూస్తోంది?" నిజంగానే చాలా బొమ్మల్లో ఏదో మూల ఒక కుక్క ఉండేది. అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే అది పళ్లెం కింద పడిన మాంసం ముక్కను చూసేది. "బొమ్మ గీసినవాడి మనసు కుక్క దగ్గరుంటుందమ్మా" అనేవారు.

వీటి మీద ఇష్టం ఎలా పుట్టిందని ఒకసారి అడిగాను. కొత్తగా వచ్చిన ఏడాది ఆయన ఒక ముసలావిడ అద్దెకిచ్చిన గదిలో ఉండేవారట. రాత్రి భోజనం దగ్గర ఆవిడ రొట్టె ముక్కలు వెలుతురు కనబడేంత పల్చగా కోసేదట. ఆ చలికాలమే ఒక చర్చివాళ్ల పాత సామాను అమ్మకంలో ఒక బొమ్మ దొరికింది. అద్దెగదుల ఇంట్లో భోజనాల బల్ల. ఇంటావిడ కత్తితో మాంసం కోస్తోంది, ఆ ముక్కలోంచి అవతలి మనిషి మొహం కనిపిస్తోంది! "అప్పటిదాకా ఈ దేశమంటే భయంగా ఉండేది. అది చూశాక పోయింది. వీళ్ల కక్కుర్తి మన కక్కుర్తే" అన్నారు. చెబుతూ చెబుతూ నవ్వారు గానీ కళ్లు చెమర్చాయి. తర్వాత ఒక మాట కూడా అన్నారు: "బొమ్మ నవ్విస్తే నవ్వు. నవ్వాక మాత్రం ఎవరి పక్కన నిలబడి నవ్వావో ఒకసారి చూసుకో."

అన్నిటికన్నా కింద ఒక పెట్టె ఉండేది. మొదటి ఏడాదంతా అది తెరవలేదు. తెరిచిన రోజు ఆయన పక్కన కూర్చోలేదు, కిటికీ దగ్గర నిలబడ్డారు. అందులో ఉన్నవి నల్లజాతివాళ్ల మీద గీసిన బొమ్మలు. బానిసత్వం నుంచి బయటపడి, పట్నాల్లో పని చేసుకుని, ఆదివారానికి మంచి బట్టలు కొనుక్కున్న కుటుంబాలు. వాళ్లు మంచి బట్టలు వేసుకోవడమే ఆ బొమ్మల్లో జోకు. మొహాలు వికారంగా గీసి, కింద వాళ్లు మాట్లాడినట్టుగా వంకర ఇంగ్లీషు రాశారు. వాటిలో ఒకటి టోపీ బొమ్మ. ఒకావిడ కొత్త టోపీ పెట్టుకుని ఎలా ఉందని భర్తను అడుగుతుంది, అతను పొగుడుతాడు. అంతే. అందులో నవ్వవలసింది ఏమీ లేదు. నవ్వించాలని పట్టుబట్టి గీశారు.

మూడో ఏడు మా ఊరి లైబ్రరీవాళ్లు ఆయన బొమ్మలతో చిన్న ప్రదర్శన పెడదామని అడిగారు. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు ఎక్కువ కనుక ప్రతి బొమ్మ కిందా ఇంగ్లీషు, తెలుగు రెండు లేబుళ్లు ఉండాలనుకున్నాం. ఇంగ్లీషు ఆయన, తెలుగు నేను. అట్టముక్కల మీద చేత్తోనే రాయమన్నారు. లైబ్రరీలో ప్రోగ్రాముల ఏర్పాట్లు చూసుకునే ఆవిడ మాకు సాయం. యాభై దాటిన నల్లజాతి స్త్రీ, మెడలో గొలుసుకు కళ్లద్దాలు వేలాడుతుండేవి. డాక్టరు గారు ఏ ఫ్రేము తగిలించినా కొంచెం ఒరిగేది.

"డాక్టర్, మీరు పేషెంట్లను కూడా ఇంత వంకరగానే కుట్టేవారా?" అంది ఆవిడ.

"నా పేషెంట్లలో ఒక్కరూ ఇంతవరకు కంప్లెయింట్ చేయలేదు" అన్నారాయన. ఆయన కుట్టిన పేషెంట్లంతా పోస్ట్‌మార్టమ్‌కు వచ్చినవాళ్లేనని ఆవిడకు తట్టడానికి ఒక్క క్షణం పట్టింది. తట్టాక నిచ్చెన పట్టుకుని నవ్వింది.

టోపీ బొమ్మ పెట్టాలా వద్దా అని ఆయన వారం రోజులు మథనపడ్డారు. దాన్ని దాచేస్తే ఆ కాలం వాళ్లు అందర్నీ సరదాగా ఆటపట్టించారని అబద్ధం చెప్పినట్టవుతుందని చివరికి పెట్టాలనే అనుకున్నారు. ఇంగ్లీషు లేబుల్ నాలుగుసార్లు తిరగరాసి ముందుగా ఆవిడకే చూపించారు. ఎవరు ఎవర్ని చూసి నవ్వారో, ఎందుకు నవ్వారో అందులో సూటిగా ఉంది. ఆవిడ బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. "ఉండనివ్వండి, జనం చూడాలి" అంది.

తెలుగు సంగతి నాకు వదిలేశారు.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పక తప్పదు. మాది శ్రీకాకుళం వైపు. హైదరాబాదు హాస్టల్లో చేరిన మొదటివారం మెస్‌లో "నాకొద్దు, నాను తినీసినాను" అన్నాను. ఆ సెమిస్టరంతా నేను కనబడితే చాలు ఎవరో ఒకరు "తినీసినావేటి?" అనేవారు. సెలవులకు ఇంటికెళ్లేసరికి నా మాట మారిపోయింది. అమ్మ ఇప్పటికీ అలాగే మాట్లాడుతుంది. "ఏటే, బాగున్నావేటి? అల్లుడు గోరు వచ్చీసినారా?" అని ఫోన్లో గట్టిగా అడుగుతుంది. ఇంట్లో స్నేహితులుంటే నేను ఫోన్ తీసుకుని బెడ్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు వేసుకునేదాన్ని.

ఆ టోపీ బొమ్మ కింది వంకర ఇంగ్లీషును తెలుగులోకి ఎలా తేవాలా అని లైబ్రరీలో బల్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మామూలు తెలుగులో రాస్తే చప్పగా ఉంది. అప్పుడు నా చెయ్యి దానంతటదే రాసింది.

"నా కొత్త టోపీ ఎలగుందేటి మావా?"

"ఏటి సెప్పమంతావే, రాజుగోరి పెళ్లాం సూత్తే కుళ్లి సచ్చిపోద్ది!"

అట్టముక్క మీద ఈ రెండు మాటలే, వివరణేమీ లేదు. ఇలా రాస్తున్నప్పుడు నాకు సిగ్గు వేయలేదని చెప్పాలి. సంతోషం వేసింది. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంటి మాట నా చేతిలోంచి వచ్చింది. మన సినిమాల్లో పనిమనిషి చేత, అమాయకుడి చేత ఈ యాస పలికించి నవ్విస్తారని నాకు తెలుసు. తెలిసే రాశానేమో. ఆ సాయంత్రం డాక్టరు గారు లేబుళ్లన్నీ సరిచూస్తూ అది చదివి పకపకా నవ్వారు. "భలే రాశావమ్మాయ్!" అన్నారు. ఆ మెప్పు కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్నదాన్ని, పొంగిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం ప్రదర్శన మొదలైంది. మనవాళ్లు బాగానే వచ్చారు. కాసేపటికి ఒక గోడ దగ్గర గుంపు చేరింది. "ఒరేయ్, ఇలా రా, ఇది చదువు!" అని ఒకతను స్నేహితుణ్ని పిలుస్తున్నాడు. "మా ఇంట్లో పనిమనిషి అచ్చం ఇలాగే మాట్లాడేది రా!" ఇంకొకావిడ అది పైకి చదివి, రాగం తీసి, పొట్ట పట్టుకుంది. "డాక్టరు గారూ, ఇది సూపరండీ!" ఇంగ్లీషు లేబుల్ ఎవరూ చదవలేదు. బొమ్మలో ఆ భార్యాభర్తలు తమ ఆదివారం బట్టల్లో అలాగే నిలబడి ఉన్నారు. రెండువందల ఏళ్ల తర్వాత, ఇంకో భాషలో, మనవాళ్లు వాళ్ల మొహాల మీద మళ్లీ నవ్వుతున్నారు.

లైబ్రరీ ఆవిడ నా పక్కకు వచ్చింది. గొంతు పెంచలేదు. "వాళ్లెందుకు నవ్వుతున్నారు? ఇంగ్లీషులో నవ్వే మాటేదీ లేదే" అని అడిగింది.

"బొమ్మ కింద ఉన్నదే తెలుగులో... ఒక యాసలో రాశాం" అన్నాను. రాశాను అనలేదు. రాశాం అన్నాను.

"మీ దగ్గర ఆ యాస ఎవరు మాట్లాడతారు?"

నేను నోరు తెరిచాను. అది మాత్రం ఖాయంగా గుర్తుంది. ఆ లోపలే నా వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఆ లేబుల్ నేను రాశాను. తప్పు రాశాను. నన్ను క్షమించండి." గుంపులోంచి వెళ్లి ఆ అట్టముక్కను గోడ మీంచి తీసి కోటు జేబులో పెట్టుకున్నారు. "అయ్యో, ఎందుకు తీసేశారండీ, బాగుందిగా" అని మనవాళ్లు అంటూనే ఉన్నారు. ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. తర్వాత బల్ల మీద కాగితపు కప్పులు సర్దడానికి వెళ్లిపోయింది. మర్నాడు ఆయన లైబ్రరీకి తన సంతకంతో క్షమాపణ రాసి ఇచ్చారు.

ఆ సాయంత్రం కారు నేను నడుపుతున్నాను, ఆయనకు కంటి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "అంకుల్, రేపు నేనే వెళ్లి ఆవిడతో..." అని మొదలుపెట్టాను.

"గ్రీన్ పడింది, పోనియ్" అన్నారు. మైలు దూరం వెళ్లాక, "నిన్న చదివి నేను నవ్వానమ్మా. నవ్వినవాడికీ వాటా ఉంది" అన్నారు.

వాటా మాత్రమే ఉంటే మొత్తం మీరెందుకు తీసుకున్నారు అని అడగలేదు. అడగాల్సింది.

మరుసటి ఏడు లైబ్రరీవాళ్లు మళ్లీ అడిగారు. "నేనింకా నేర్చుకోవాలి" అని డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆ బొమ్మలు బయటి గోడ ఎక్కలేదు. ఆయనకు అవంటే ఎంత ప్రాణమో, జనం చూడాలని ఎంత ఆశో నాకు తెలుసు. శనివారాలు అలాగే సాగాయి. నేను ఎప్పుడైనా ఆ మాట ఎత్తబోతే ఆయన బొమ్మల్ని పెట్టెలో పెట్టేసి వంటింటివైపు తిరిగి, "ఏమే, పోపు వేసుకో" అని కేకేసేవారు. నాకు గ్రీన్‌కార్డ్ వచ్చాక ఒక చిన్న మ్యూజియంలో పాత కాగితాలకు లేబుళ్లు రాసే ఉద్యోగం దొరికింది. రికమండేషన్ లెటర్ ఆయనే ఇచ్చారు. ఈ అమ్మాయి లేబుల్ రాసేటప్పుడు ప్రతి మాటా తూచి రాస్తుంది అని ఉంది అందులో. అది చదివి కారులో కూర్చుని ఏడ్చాను. ఎగతాళి చేశారేమో అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. అలాంటి మనిషి కాదని తెలిసీ.

చివరి ఏడాది చూపు బాగా తగ్గింది. నేను బొమ్మలో ఉన్నవి ఒక్కొక్కటీ చెబుతుంటే ఆయన కళ్లు మూసుకుని వినేవారు. పోవడానికి రెండు వారాల ముందు, "ఆ టోపీ బొమ్మ తియ్యి" అన్నారు. తీశాను. కింద ఉన్నది చదవమంటే ఇంగ్లీషులో చదివాను.

"తెలుగులో చెప్పు."

"నా కొత్త టోపీ ఎలా ఉంది అని అడుగుతోంది" అన్నాను, పాఠం ఒప్పజెప్పినట్టు. ఆయన ఇంకా వింటున్నట్టే తల ఒక పక్కకు పెట్టి కాసేపు ఉన్నారు. "సరే, పెట్టెయ్" అన్నారు. తప్పు ఒప్పుకోవడానికి నాకు తలుపు తీసి పట్టుకున్నారా, లేక ఊరికే అడిగారా? ఆ తర్వాతి శనివారం మంచు ఎక్కువగా పడి నేను వెళ్లలేదు.

ఆయన పోయిన ఆ వారం శుక్రవారం ఫ్యునెరల్ హోమ్‌లో ఆఖరి చూపు. ఆంటీ ఆయనకు గోధుమరంగు సూటు వేయించి, పై జేబులో భూతద్దం పెట్టారు. "అక్కడ కూడా ఏదో ఒకటి దగ్గర్నుంచి చూడందే ఊరుకోరు" అన్నారు నాతో. ఇప్పుడు శనివారాలు కూడా ఆ ఇంట్లో పోపు వేస్తున్నారట.

ఆ శుక్రవారం లైబ్రరీ ఆవిడ కూడా వచ్చింది. జుట్టు తెల్లబడింది. ఆయన ముందు తలవంచి నిలబడి, ఆంటీ చేతులు పట్టుకుని, బయటికి వెళ్తూ కోట్లు తగిలించిన చోట నా ఎదురుగా ఆగింది. "జాగ్రత్త మనిషి. ఒక్క పొరపాటు చేశారు, దానికి చాలా చింతించారు" అంది.

"అది ఆయన రాయలేదు. నేను రాశాను" అన్నాను.

"తెలుసు. రెండు రోజులు ఆ బల్ల దగ్గర కూర్చుని నువ్వు రాస్తుంటే చూశానుగా."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగాను" అంది. "ఆ యాస ఎవరు మాట్లాడతారని అడిగాను. నువ్వింకా చెప్పలేదు."

చుట్టూ మనవాళ్లు బూట్లు వెతుక్కుంటున్నారు. "మా అమ్మ" అన్నాను.

ఆవిడ మొహంలో ఏ మార్పూ రాలేదు. "ఉందా?"

"ఉంది."

"ఆవిడకు తెలుసా?"

తెలియదని తల ఊపాను. ఆవిడ కోటు గుండీలు ఒక్కొక్కటే కింది నుంచి పైదాకా పెట్టుకుంది. నా భుజం తట్టలేదు, కోప్పడనూ లేదు. తలుపు తోసుకుని బయటికి నడిచింది.

తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. డాక్టరు గారు నన్ను కాపాడారో, నన్ను నమ్మలేకపోయారో నాకు తెలియదు. ఆ రోజు ఆయన అడ్డు రాకపోయి ఉంటే తెరిచిన నోటితో నిజమే చెప్పేదాన్నని ఇన్నేళ్లూ అనుకున్నాను. రాశాం అన్న నోరే అది, ఏం చెప్పేదో. ఈ రెండూ నేను తేల్చుకోలేను.

బయట మంచు మళ్లీ మొదలైంది. ఆవిడ కారెక్కింది, లైట్లు వెలిగాయి, వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. కారు మాత్రం కదలలేదు. ఐదు నిమిషాలు, అంతకన్నా ఎక్కువేనేమో, అక్కడే ఉంది. వైపరు తుడిచినప్పుడల్లా స్టీరింగు మీద ఆవిడ చేతులు కనిపించి మళ్లీ మంచులో మసకబారుతున్నాయి. నేను కోటు చేతిలో పట్టుకుని తలుపు దగ్గరే ఉన్నాను. ఇంజను వేడెక్కడానికి ఆగిందో, నేను వస్తానని ఆగిందో, ఇప్పటికీ నాకు తెలియడం లేదు.